మడి వేరు, ఉతుకు వేరు: బడ్జ్ బడ్జ్ మిల్లు లైన్లలో మన పెద్దల కట్టుబట్ట

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ ఒడ్డున ఉన్న బడ్జ్ బడ్జ్ పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక ఓడ వల్ల నిలిచింది. కోమగట మారు నౌకలో తిరిగివచ్చిన పంజాబీ ప్రయాణికుల మీద 1914 సెప్టెంబరు 29న ఇక్కడే తుపాకులు పేలాయి. ఇప్పుడు రైల్వే స్టేషను పేరులో కూడా ఆ ఓడ పేరుంది. అంత పెద్ద సంగతి జరిగిన ఊళ్లో మేము వెతుకుతున్నది చాలా చిన్న సంగతి. జనపనార మిల్లుల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మన ముందుతరాల వారు ఏం కట్టుకునేవారు? ఎక్కడ స్నానం చేసేవారు? బట్టలు దేనితో ఉతికేవారు? ఉతికిన గుడ్డ ఎక్కడ ఆరేసేవారు?

ఈ ప్రశ్నలు ఎందుకంటే, మన సభల్లో తరచు రెండు మాటలు వినబడుతున్నాయి. చదువుకున్న పిల్లలు కొందరు, ‘మా తాతలు మురికిగా ఉండేవారు, బాబాసాహెబ్ వచ్చి శుభ్రత నేర్పారు’ అంటారు. పెద్దలు కొందరు, ‘మా రోజుల్లో వేపపుల్ల, కుంకుడుకాయ, అంతా ఆరోగ్యమే’ అంటారు. మొదటి మాటలో లేనిపోని సిగ్గు ఉంది. రెండో మాటలో కష్టాన్ని మరచిపోయిన తీపి ఉంది. రెంటికీ లేనిది ఒకటే, నీళ్ల లెక్క.

ముందు వారు వదిలివచ్చిన ఊళ్ల సంగతి చూద్దాం. అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, అంటే నేటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి, జనం హుగ్లీ మిల్లులకు కదిలారు. తూర్పుతీర రైలుమార్గం హౌరా వరకు కలిసిన తర్వాత, అంటే 1900 తర్వాత, ఆ ప్రయాణం తేలికయింది. మిల్లు కాగితాల్లో వీరు ‘మద్రాసీలు’. వారిలో అనేక కులాలవారు ఉన్నారు. అంటరానివారిగా ముద్రపడిన కుటుంబాల సంగతే మనకు ఇక్కడ ముఖ్యం.

ఆ ఊళ్లలో బట్ట అనేది చలికీ ఎండకూ మాత్రమే సంబంధించినది కాదు. మగవాడి పంచె మోకాలు దిగకూడదు. పెద్దవీధిలో కాలికి చెప్పు ఉండకూడదు. ఆడవారికి రవిక లేదు. కొంగు ఒక్కటే మరుగు. ఈ కట్టడి ఊరినిబట్టి కొంచెం అటూఇటూ మారేది గానీ, లేని ఊరు అరుదు. ఇందులో ఒక క్రూరమైన వింత ఉంది. తెలుగు దేశంలో మాలలు వ్యవసాయ కూలీలతో పాటు ముతక నూలుబట్ట నేసినవారు కూడా. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథ సంపుటాల్లోనూ ఈ సంగతి కనిపిస్తుంది. మగ్గం మీద గుడ్డ నేసినవాడికి ఆ గుడ్డను మోకాలు దాటించే హక్కు లేదు. చెప్పు కుట్టిన మాదిగకు ఆ చెప్పు తొడిగే హక్కు లేదు.

ఊరి చాకలి వాడ బట్టలు ముట్టేవాడు కాదు. మంగలి కూడా అంతే. (వారిని నిందించి లాభం లేదు. ముడితే వారి వృత్తే పోయేది. కులం పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా అందరినీ ఇలాగే కట్టేసింది.) కాబట్టి ఎవరి బట్ట వారే ఉతుక్కోవాలి. చవిటిమన్ను, పొయ్యిలో బూడిద, దొరికితే కుంకుడుకాయ. బానలో ఉడకబెట్టి బండమీద బాదడం. పళ్లకు వేప, కానుగ, ఉత్తరేణి పుల్లలు, లేకుంటే కచ్చికా బొగ్గుపొడీ. తలకు ఆముదం. పేలకు ఈరుబాన. ఇవన్నీ పనిచేసే పద్ధతులే. బూడిదలో క్షారం ఉంది, అది జిడ్డును విడదీస్తుంది. కుంకుడులో నురుగిచ్చే గుణం ఉంది. మరుగునీళ్లలో పేలూ వాటి గుడ్లూ చస్తాయి. తెలియనితనం వల్ల మాసిన బట్టలు కావు అవి.

అయితే వీటన్నింటికీ నీళ్లు కావాలి. ఊరబావి దగ్గర వాడ మనిషి కడవ దించలేడు. దూరంగా నిలబడి ఎవరైనా పోస్తే పట్టుకోవాలి. చెరువులో పశువులు దిగే రేవు ఒకటి, వాడకు వదిలిన రేవు ఒకటి, చాలాచోట్ల రెండూ ఒకటే. తల మీద మోసి తెచ్చిన నీళ్లు మొదట వంటకు, తర్వాత తాగడానికి, ఆ పైన పసిపిల్లలకు. మిగిలితేనే ఒంటికి, బట్టకు. ఒకే చీర ఉన్న మనిషికి ఉతుకు మరీ కష్టం. సగం కట్టుకుని సగం ఉతికి, ఆరిన సగం చుట్టుకుని మిగతా సగం ఉతకాలి. ఇది చూసి ‘వీళ్లు మురికి మనుషులు’ అన్నవారు, నీళ్లు ఆపినవారు ఒకరే.

మన భాష కూడా ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులో ‘మైల’ అంటే బట్టకు పట్టిన మురికీ అదే, చావు వల్లా పుట్టుక వల్లా వచ్చే అంటూ అదే. ‘మడి’ అంటే తడిపి ఆరేసి, ఎవరూ తాకకుండా తీసి కట్టుకున్న బట్ట. అది నిన్నటి చెమటతో ఉన్నా మడే, ఎవరూ తాకకపోతే. పక్కవాడ మనిషి సబ్బుతో ఉతికి గంజిపెట్టిన చలువబట్ట వేసుకుని తాకితే ఆ మడి పోతుంది. దీనికీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం? ‘అంటరానితనం అసలు శుభ్రత కోసం పుట్టింది’ అనేవారికి ఇదొక్కటి చూపితే చాలు. బాబాసాహెబ్ 1948లో వెలువరించిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో అశుచి వేరు, అంటరానితనం వేరు అని విడదీసి చూపారు. అశుచి పాతది, తాత్కాలికమైనది. అంటరానితనం క్రీ.శ. 400 ప్రాంతంలో పుట్టినది, బౌద్ధం మీద బ్రాహ్మణ్యం సాగించిన పోరాటంలో మిగిలినది అని ఆయన నిర్ణయం.

ఇక మిల్లు. బడ్జ్ బడ్జ్, ఆల్బియన్, కాలెడోనియన్, లోథియన్, చెవియట్ అని వరసగా మిల్లులు, చాలావరకు ఆండ్రూ యూల్ కంపెనీ ఏలుబడిలో నడిచినవి. ఊరి కట్టడి రైలెక్కి ఇంత దూరం పూర్తిగా రాలేదు, కొంతే వచ్చింది. ఇక్కడ పంచె ఎంత పొడవుందో కొలిచే మునసబు లేడు. కానీ యంత్రం ఉంది. తిరిగే ఇరుసూ బెల్టూ దగ్గర వదులు గుడ్డ ప్రాణం తీస్తుంది. అందుకే పనిలో మగవారు గోచి బిగించారు, తర్వాత చెడ్డీకి మారారు. ఆడవారు కాసెపోసి చీర బిగించి, కొంగు నడుముకు చుట్టారు. కదిలే యంత్రం దగ్గరకు వెళ్లేవారు ఒంటికి అతుక్కున్న బట్టలే వేసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను చెప్పింది. మన పెద్దలు ఆ చట్టం రాకముందే దాన్ని ఒంటి మీద నేర్చుకున్నారు.

జనపనారను మెత్తబరచడానికి నూనె, నీళ్లు కలిపి చల్లుతారు. ఆ నూనె వాసన, నార పొట్టు, ధూళి చెమటతో కలిసి బట్టకు పట్టేస్తాయి. జుట్టులో, కనురెప్పల మీద, ముక్కులో పొట్టే. ఇది ఊరి మట్టి కాదు, చన్నీళ్లతో పోదు. సబ్బు కావాలి. 1888లో లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బుపెట్టెలు దిగినది ఈ కలకత్తా రేవులోనే. కానీ కూలివాడి కొట్లోకి సబ్బు రావడం, వచ్చినా అతను కొనగలగడం వేరే కథ. చాలాకాలం సోడా, బూడిదలే గతి. సబ్బు కొన్న ఇంట్లో కూడా మొదట బట్టలకు, మిగిలిన ముక్క ఒంటికి.

నీళ్లు మోయడానికి మాత్రం ఒక కొత్త పాత్ర దొరికింది. బడ్జ్ బడ్జ్ చమురు నిల్వల ఊరు కూడా. పందొమ్మిదో శతాబ్దం చివర నుంచే కిరసనాయిలు ఇక్కడ దిగేది. ఖాళీ కిరసనాయిలు డబ్బాకు అడ్డంగా ఒక కర్ర బిగిస్తే చాలు, బకెట్టు అయిపోయింది. దేశమంతటా పేదవారి ఇళ్లలో ఈ డబ్బా నీళ్లు మోసింది. మట్టికుండ ఎవరు ముట్టారు, ఎవరు ముట్టలేదు అని అంటు లెక్కపెట్టిన సమాజానికి, ఈ రేకుడబ్బా కులం తెలియని పాత్ర. ఏ శాస్త్రంలోనూ దానికి నియమం రాసి లేదు.

కూలిలైన్ల గదులు ఇరుకు, గాలి లేనివి. విట్లీ అధ్యక్షతన 1929లో ఏర్పడిన రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో కార్మికుల ఇళ్ల దుస్థితిని గట్టిగానే చెప్పింది. స్నానానికి మగవారికి నది ఉంది, చెరువు ఉంది. ఆడవారికి చీకటి ఉంది. తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. హుగ్లీ మిల్లుల్లో ఇతర ప్రాంతాలవారు ఎక్కువగా మగవారే ఒంటరిగా వచ్చేవారు. మద్రాసీలు కుటుంబంతో వచ్చేవారు, వారి ఆడవారు కూడా మిల్లులో పనిచేసేవారు. కాబట్టి మరుగులేని బాధ మన ఆడవారిపైనే ఎక్కువగా పడింది.

పాత చీర ముక్కల సంగతి కూడా చెప్పాలి, మగ రచయితలు సాధారణంగా దాటేస్తారు గనుక. నెలసరి గుడ్డ ఉతకడానికి నీళ్లు, ఆరేయడానికి ఎండ కావాలి. రెండూ ఉన్నచోట చూపులున్నాయి. చూపులు లేనిచోట ఎండ లేదు. గుడిసె మూల, తడిక వెనక, మరో చీర కింద దాచి ఆరేసిన గుడ్డ సగం తడిగానే మళ్లీ వాడకంలోకి వచ్చేది. ఎన్ని జబ్బులు దీనివల్ల వచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. వేపపుల్ల రోజులను మెచ్చుకునేవారు ఈ గుడ్డను కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇక దొడ్లు. వాటిని కడిగేవారెవరో మనకు తెలుసు. పనిచోట అందరి మురికినీ ఎత్తే మనిషికి తన ఒళ్లు కడుక్కునే చోటే లేదు. 1928లో కలకత్తా కార్పొరేషను పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ప్రభావతి దాస్‌గుప్తా నాయకత్వం. మరుసటి ఏడాది జనపనార మిల్లుల పెద్ద సమ్మెలోనూ ఆమె ముందు నిలిచారు. చీపురు సమ్మె, మగ్గం సమ్మె ఒకే గొంతుతో వినిపించిన సంవత్సరాలవి. మన చరిత్రకారులు ఇంకా రాయవలసిన అధ్యాయమిది.

బడ్జ్ బడ్జ్ దిగువన, హుగ్లీలో రూపనారాయణ్ కలిసే వైపు వెళితే తమ్లుక్ ఉంది. పూర్వపు తామ్రలిప్తి. చైనా భిక్ఖు ఇత్సింగ్ 673లో అక్కడ దిగాడు. తర్వాత పదేళ్లపాటు నలందలో ఉన్నాడు. అతడు రాసిన గ్రంథం తత్త్వచర్చ కాదు. భిక్ఖులు ఎలా కడుక్కుంటారు, పంటిపుల్ల ఎలా నములుతారు, తాగే నీళ్ల పాత్ర ఏది, కడుక్కునే నీళ్ల పాత్ర ఏది, చీవరం ఎలా కడతారు అన్నవే అందులో పేజీలకు పేజీలు. అంత దూరం ఓడలో వచ్చిన పండితుడు ఇవి రాసుకున్నాడంటే, ధమ్మం బతికేది ఇలాంటిచోటనే అని అతనికి తెలుసు.

అతడు చూసినదానికి మూలం వినయపిటకంలో ఉంది. పంటిపుల్ల వాడితే కలిగే లాభాలు ఐదు అని తథాగతుడు లెక్కచెప్పారు. నోటి దుర్వాసన పోవడం, అన్నం రుచించడం, కంటికి మేలు, ఇలాంటివే. పుణ్యం అన్న మాట ఆ లెక్కలో లేదు. నీళ్లలో మూత్రం పోయరాదు, ఉమ్మరాదు. ఎందుకంటే ఆ నీళ్లు దిగువన ఇంకెవరో వాడతారు. వేడినీళ్ల స్నానానికి ‘జంతాఘర’ అనే గది, మరుగుదొడ్డి వాడాక శుభ్రం చేసి రావలసిన పద్ధతి అన్నీ రాసి ఉన్నాయి. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్ఖును ఎవరూ పట్టించుకోనప్పుడు, తథాగతుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మని, అతనితో కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చేయదలచినవారు రోగికి చేయండి అన్నారు. మలం తాకితే మైలపడే గురువు ఆయన కాదు.

అదే సమయంలో, స్నానంతో పాపం పోతుందన్న నమ్మకాన్ని ఆ ధమ్మం ఒప్పుకోలేదు. చలిలో వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి నీళ్లు మోసే దాసి పుణ్ణిక నిలదీసిన కథ థేరీగాథలో ఉంది. నీటిలో మునిగితే స్వర్గమైతే కప్పలూ తాబేళ్లూ ముందు వెళ్లాలి కదా అన్నది ఆమె వాదం. ఆ ప్రశ్న నీళ్లు మోసిన మనిషి నోటనే రావడం మాకు ఎప్పుడు చదివినా ఆనందంగా ఉంటుంది. నీళ్ల బరువు తెలిసిన మనిషికి నీళ్ల మహిమ మీద భ్రమ ఉండదు.

బట్ట సంగతిలో వినయం ఇంకా ముందుకు వెళ్లింది. భిక్ఖుకు మూడు చీవరాలు: సంఘాటి, ఉత్తరాసంగం, అంతరవాసకం. భిక్ఖుణికి ఐదు. అదనపు రెంటిలో ఒకటి ఉదకసాటిక, స్నానపు బట్ట. అచిరవతి నదిలో భిక్ఖుణులు మరుగు లేక స్నానం చేస్తూ హేళన పాలవుతుంటే, ఈ బట్ట దానమిచ్చే వరాన్ని విశాఖ కోరింది. రెండోది సంకచ్చిక, రొమ్ము కప్పే వస్త్రం. అది లేకుండా భిక్ఖుణి ఊళ్లో అడుగుపెడితే పాచిత్తియ దోషం. నెలసరికి వాడే గుడ్డను కూడా పేరుపెట్టి అనుమతించారు. విహారంలో దాన్ని ఒకరు వాడుకున్నాక ఇంకొకరికి ఇవ్వాలని నియమం పెట్టారు. రెండువేల అయిదువందల ఏళ్ల కిందట సంఘం సిగ్గుపడకుండా మాట్లాడిన విషయం, మన లైన్లలో తడిక వెనక దాక్కుంది.

సంకచ్చిక మాట వద్ద ఒకసారి తిరువాంకూరు గుర్తుకురావాలి. అక్కడ నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం పందొమ్మిదో శతాబ్దం మొదటి సగమంతా దెబ్బలు తిన్నారు. 1859లో రాజు ప్రకటన ఇచ్చినప్పుడు కూడా పై కులాల స్త్రీల తీరులో కట్టుకోకూడదనే షరతుతో ఇచ్చాడు. ఒకచోట కప్పుకుంటే నేరం. ఇంకోచోట, ఏ కులం నుంచి వచ్చినా సరే, కప్పుకోకపోతే దోషం. ఈ రెండు చట్టాల మధ్య ఉన్న దూరమే బ్రాహ్మణ్యానికీ బౌద్ధానికీ మధ్య దూరం.

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడు శవాల మీది బట్టలే కట్టాలంటుంది. బౌద్ధ భిక్ఖు కూడా శ్మశానం నుంచి గుడ్డ తెచ్చుకున్నాడు. దాని పేరు పంసుకూలం. గుడ్డ అదే. కానీ భిక్ఖు దాన్ని తానే ఎంచుకున్నాడు. ఉతికాడు, ముక్కలు కోశాడు, మగధ వరిమడుల గట్లలా అతికి కుట్టాడు, చెట్టుబెరడు రంగులో ముంచాడు. రాజులు ఆ గుడ్డకు మొక్కారు. మన వాడలో అదే చింకిగుడ్డ, ఇంకొకడు తొడిగిస్తే, అవమానం అయింది.

బాబాసాహెబ్‌కు ఈ తేడా బాగా తెలుసు. ఆయన చేసిన పనుల వరస గమనించండి. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువు, అంటే ముందు నీళ్లు. అదే ఏడాది డిసెంబరు 25న మనుస్మృతి దహనం. ఆ సభల చివర, 27న, స్త్రీలతో మాట్లాడుతూ బట్టల సంగతి ఎత్తారు. కులాన్ని పట్టిచ్చే మోకాలిపై చీరకట్టు మానమన్నారు, బరువైన నాసిరకం నగలు తీసేయమన్నారు. చీరకు అతుకులున్నా ఫర్వాలేదు గానీ ఉతికి ఉండాలన్నారు. చాలామంది స్త్రీలు అక్కడికక్కడే కట్టు మార్చుకున్నారు. సవర్ణ కుటుంబాల స్త్రీలే వారికి చీర కట్టి చూపించారు. నీళ్లు అందకముందే శుభ్రత బోధించిన సంస్కర్తలు ఎందరో ఉన్నారు. నీళ్ల కోసం దెబ్బలు తిన్నాక శుభ్రత మాట ఎత్తినవాడు ఈయన.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు ఆయన వారానికి పనిగంటలను 54 నుంచి 48కి తగ్గించే సవరణ బిల్లు తెచ్చారు. ఒళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎంత ముఖ్యమో పొద్దు కూడా అంతే ముఖ్యం. తర్వాత వచ్చిన 1948 చట్టంలో 19వ సెక్షను మరుగుదొడ్లు, 42వ సెక్షను కడుక్కునే వసతి, 43వది బట్టలు దాచుకుని ఆరేసుకునే చోటు. తడిగుడ్డ ఆరేసుకోవడం దేశ చట్టంలోకి ఎక్కింది. అన్ని మిల్లుల్లో అమలయిందా అంటే, ఆ లైన్లలో పెరిగినవారినే అడగండి.

ఈ మధ్యలోనే బట్ట కరువు వచ్చింది. 1943 బెంగాల్ కరువులో అన్నం పోయినట్టే గుడ్డా పోయింది. కట్టుకోను లేక ఆడవారు గుడిసెల్లోంచి బయటకు రాలేని రోజులవి. మాణిక్ బందోపాధ్యాయ్ దీని మీద ‘దుఃశాసనీయ’ అని కథ రాశారు. ప్రపంచానికంతా గోనెసంచులు నేసిన తీరంలో, కొందరు గోనెపట్టానే చుట్టుకున్నారు.

చెప్పుల సంగతి మాత్రం కొంత నవ్వుతూ చెప్పవచ్చు. బడ్జ్ బడ్జ్ రైలుమార్గంలోనే కలకత్తా వైపు కొంత దూరంలో, 1934లో బాటా కంపెనీ బాటానగర్‌కు పునాది వేసింది. ఊళ్లో చెప్పు కుట్టడం కులం. ఇక్కడ అది జీతమున్న ఉద్యోగం. అన్ని కులాలవారూ తోలు ముట్టడానికి దరఖాస్తు పెట్టుకున్నారు. కులం ఎంత గట్టిదో, నెలజీతం ముందు ఎంత మెత్తబడుతుందో ఆ గేటు దగ్గర కనబడింది.

1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్షకు వచ్చినవారు తెల్లబట్టలు కట్టుకున్నారు. బాబాసాహెబ్ తెల్లని పట్టుపంచె, తెల్లకోటు వేసుకున్నారు. పాళి గ్రంథాల్లో ఉపాసకులకు ‘ఓదాతవసన’ అని పేరు. తెల్లబట్ట కట్టిన గృహస్థులు అని అర్థం. అది చాలా పాత యూనిఫారం.

అయితే ఇప్పుడు మన విహారాల్లో ఒక కొత్త ఇబ్బంది చూస్తున్నాం. పున్నమి వందనకు మల్లెపూవులాంటి బట్ట లేదని, మునిసిపాలిటీలో డ్యూటీ దిగి వచ్చిన అన్న గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాడు. ఎవరూ పొమ్మనరు. కానీ చూపు ఉంటుంది. ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలుసు. తెల్లబట్ట మన మడి అయిపోతే నాగపూరు వెళ్లి లాభమేమిటి? అలాంటి అన్నను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టే విహారాలు కూడా ఉన్నాయి. అవి ఎక్కువ కావాలి.

తెల్లబట్ట ఎన్నాళ్లు తెల్లగా ఉంటుందన్న ప్రశ్న వినయంలోనూ వచ్చింది. ఉదేన రాజు రాణులు ఆనందుడికి అయిదువందల చీవరాలు ఇచ్చారు. ఇన్ని ఏం చేసుకుంటావని రాజు అడిగాడు. చినిగినవి కట్టుకున్న భిక్ఖులకు పంచుతాను. మరి ఆ పాతవో? పరుపు గలీబులు. పాత గలీబులు? నేలమీద పరుచుకుంటాం. పాత పరుపులు? కాళ్లు తుడుచుకునే గుడ్డలు. అవీ చినిగితే? దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి వాటిని చీల్చి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో అయిదువందలు ఇచ్చాడు.

మిల్లు లైన్లలో మన అవ్వలు ఈ కథ వినలేదు. కానీ వారి చీర దారి కూడా ఇదే. కొత్తది పండక్కి. రంగు వెలిశాక పనిలోకి. అంచు చిరిగాక రెండు ముక్కలు కలిపి అతుకు చీర. ఆ తర్వాత నాలుగు పొరలు వేసి బొంత, పసిబిడ్డకు పక్కగుడ్డ. బెంగాలీ పొరుగింటివారు దాన్నే కాంథా అన్నారు, అందంగా కుట్టుపని చేశారు. మనవారు పెద్ద కుట్లు వేసి వదిలేశారు, తీరిక లేక. బొంత చిరిగితే తడిగుడ్డ, తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ. అదీ చిల్లులు పడితే చించి, వత్తి చేసి, కిరసనాయిలు బుడ్డిలో పెట్టేవారు.